దూరపు కొండలు – దగ్గరి లెక్కలు
(విదేశీ తయారీదారుల ఎంపికను గూర్చిన ప్రసంగ పాఠము)



పశువుల సంతకు పోయిన రైతు ఎద్దును కొను విధము మన పల్లెలయందు పుట్టి పెరిగినవారికి తెలియనిది కాదు. ముందుగా నోరు తెరిపించి పండ్లు చూచును. వీపు నిమిరి సుడులు చూచును. నాలుగడుగులు నడిపించును; వీలైనచో కాడి కట్టించి చూచును. ఏ ఊరి ఎద్దు, ఎవరి కొట్టమున పెరిగినది, ఎందులకు అమ్ముచున్నారు అని విచారించును. ఇవి యన్నియు ముగిసిన పిమ్మటగాని తువాలు క్రింద వ్రేళ్ళు పట్టుకొని ధర తేల్చుకొనడు. పరీక్షించుట మొదటి పని. బేరమాడుట తుది పని. ఈ క్రమమును తలక్రిందులు చేసి అగ్గువకు దొరికిన ఎద్దును తోలుకొని వచ్చినవాడు తొలకరినాటికి ఇరుగుపొరుగు వారి ఎద్దును ఎరువడుగవలసి వచ్చును.

ప్రభుత్వము విదేశమునుండి యంత్రములు కొనునప్పుడును చేయవలసిన పని యిదియే. కాని ఇచ్చట ఎద్దు సముద్రమున కావలి యొడ్డున నుండును. పండ్లు చూచుటకు బదులు పత్రములు చూడవలెను. నడిపించి చూచుటకు బదులు పరీక్షల ఫలితములను నమ్మవలెను. దూరపు కొండలు నునుపు అను సామెత ఇంతగా అన్వయించు చోటు మరియొకటి లేదు. వన్నెలద్దిన పటములలో ప్రతి యంత్రమును దివ్యముగనే యుండును. ఆ కొండల గరుకు ఎంతయో ఇంట కూర్చుండియే కనుగొనుట ఎట్లు? కేంద్ర ప్రభుత్వ కార్యాలయములందు టెండరు ఫైళ్ళతో పొద్దుపుచ్చు మన ఉద్యోగులకు ఇది నిత్యసమస్య. ఫైళ్ళ మూలమున ఇంటికి ఆలస్యముగ వచ్చు గృహస్థుకొరకు వేచియుండు కుటుంబములకు గూడ ఆ ఫైళ్ళలో ఏమున్నదో తెలియుట న్యాయము.

కొనుగోలు విభాగమున కంపారటివ్ స్టేట్‌మెంటు అను పట్టిక యొకటి కలదు. టెండరు వేసినవారి పేర్లు ఒక ప్రక్క, వారు చూపిన ధరలు, షరతులు మరియొక ప్రక్క నుండును. చూపునకు అది పచారు కొట్టు చిట్టా వలె తేలికగా నుండును. కాని అందలి అంకెలు ఒకే జాతివి కావు. ఒకరు డాలర్లలో, మరియొకరు పౌండ్లలో ధర చూపియుందురు. ఒకరి ధర తమ రేవులో ఓడపై సరకు ఎక్కించువరకే. మరియొకరి ధరలో విశాఖపట్టణపు రేవువరకు ఓడకిరాయి, భీమా కలిసియుండును. ఒకరు సగము సొమ్ము ముందుగా కోరుదురు. మరియొకరు యంత్రము నడచిన పిమ్మట కోరుదురు. వీనినన్నిటిని ఒకే కుంచముతో కొలువకుండ తక్కువ ధర యెవరిదో చెప్పుట, బియ్యమును మానికతోను, నూనెను గజముతోను కొలిచి రెండింటిలో ఏది ఎక్కువ అని అడుగుట వంటిది.

కావుననే అనుభవజ్ఞులు టెండరును రెండు కవర్లలో కోరుదురు. మొదటి కవరులో సాంకేతిక వివరములు, రెండవదానిలో ధరలు. మొదటి కవరు పరీక్షలో నెగ్గినవారి రెండవ కవరును మాత్రమే విప్పుదురు. సంతలోని రైతు క్రమమే ఇది. ఏ తేదీనాటి మారకపు రేటుతో లెక్క కట్టుదురో, ఏ అంశమునకు ఎంత విలువ నిత్తురో టెండరు పత్రమునందే ముందుగా ప్రకటింపవలెను. కవర్లు విప్పిన పిమ్మట కొలబద్ద మార్చుట అన్యాయము.

మారకపు రేటు అనునది ఎంతటి సుడియో ఒక్క ఉదాహరణము చాలును. 1966 జూన్ 6వ తేదీన మన రూపాయి విలువను తగ్గించిరి. అంతకు ముందు డాలరునకు 4 రూపాయల 76 పైసలు. ఆ పిమ్మట 7 రూపాయల 50 పైసలు. లక్ష డాలర్ల యంత్రమునకు ఆర్డరు వేసి, సొమ్ము చెల్లింపవలసియున్న వానికి 4,76,000 రూపాయల బాకీ ఒక్కనాటిలో 7,50,000 రూపాయలయ్యెను. అమ్మినవాడు ధర పెంచలేదు. కొన్నవాడు తప్పు చేయలేదు. అయినను 2,74,000 రూపాయలు అదనముగ చెల్లింపవలసి వచ్చెను. విదేశీ ధరను తూచువాడు సరకుతోబాటు ఆ దేశపు నాణెమును గూడ తూచుచున్నాడని మరువరాదు.

ధరకు వెలుపల నుండు ధర మరియొకటి కలదు. అది విడిభాగములది. కొన్నది వంకాయ, కొసరు గుమ్మడికాయ అని కొనువాని ఆశను పరిహసించు సామెత కలదు. యంత్రముల వ్యాపారమున ఇది తిరుగబడును. వంకాయను చౌకగా అమ్మి, గుమ్మడికాయంత కొసరును ఏటేట వెలకట్టి అమ్మువారు కలరు. ఉదాహరణకు ఒక యంత్రము వెల పది లక్షలు, దానికి ఏటా కావలసిన విడిభాగములు లక్ష అనుకొందము. రెండవ యంత్రము వెల పండ్రెండు లక్షలు, విడిభాగములు ఏటా అరువది వేలు. వడ్డీ మాట ప్రక్కనుంచినచో, ఇరువది యేండ్లలో మొదటిది ముప్పది లక్షలు మ్రింగును. రెండవది ఇరువది నాలుగు లక్షలతో తృప్తిపడును. పట్టికలో మొదటి వరుసన నిలిచినది ఆరవ యేట తిరోగమించును. ప్రెషర్ కుక్కరు కొన్న గృహిణికి ఈ సూత్రము వేరుగా బోధింపనక్కరలేదు. రబ్బరు వలయము దొరకని కుక్కరు ఎంత మెరిసినను అటుకపాలే.

ఇంతవరకు చెప్పినది లెక్కకు లొంగు భాగము. లెక్కకు లొంగని భాగమే అసలైన పరీక్ష. దానిని గ్రహించుటకు మన రైల్వేల చరిత్రకు మించిన పాఠము లేదు.

ఆంగ్ల ప్రభుత్వమునాడు మన రైళ్ళ ఇంజనులలో హెచ్చుభాగము బ్రిటనునుండి వచ్చెడివి. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట కొనుగోలు చేయు దృష్టి విశాలమయ్యెను. ప్రయాణికుల బండ్లకొరకు రూపొందిన డబ్ల్యు.పి. తరగతి ఆవిరి ఇంజనులను మొదట 1947లో అమెరికాలోని బాల్డ్విన్ కంపెనీ పంపెను. తరువాత అదే తరగతిని కెనడా, స్కాట్లండు, పోలండు, ఆస్ట్రియా దేశముల కర్మాగారములు గూడ నిర్మించి యిచ్చెను. రూపము ఒకటే, నిర్మాతలు పలువురు. ఇట్టి సందర్భమున పోల్చుట సులభము. నమూనా కొనువాని చేతిలో నున్నది గనుక, ఎవరు చక్కగా, త్వరగా, చౌకగా చేయుదురన్నదే ప్రశ్న. మరి 1950లో చిత్తరంజన్ కర్మాగారము సొంతముగా ఆవిరి ఇంజనులను చేయ నారంభించెను. అంతట ఆవిరి విషయమున మన చేయి పైచేయి యయ్యెను.

డీజిల్ ఇంజనుల కడ పరిస్థితి వేరు. ఆ విద్య మనకు లేదు. నమూనా మనది కాదు. అమెరికాలోని స్కెనెక్టడీ పట్టణమున నున్న అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ, అనగా ఆల్కో, 1957 నుండి నూరు డీజిల్ ఇంజనులను మనకు సరఫరా చేసెను. పిమ్మట 1960 ప్రాంతమున, రానున్న దశాబ్దములకు ఏ ఇంజను మన పెద్ద లైనులకు ఆధారము కావలెనను ప్రశ్న వచ్చినప్పుడు ఇద్దరు నిర్మాతలు ముందుకు వచ్చిరి. ఒకరు ఆల్కో, రెండవవారు జనరల్ మోటార్స్. ఇద్దరిదీ 2,600 అశ్వశక్తి యంత్రమే. ఆల్కో ఇంజనునకు డబ్ల్యు.డి.ఎం.-2 అనియు, జనరల్ మోటార్స్ ఇంజనునకు డబ్ల్యు.డి.ఎం.-4 అనియు మన రైల్వేలు పేరిడెను. రెండింటిని తెప్పించి, మన పట్టాలమీద, మన ఎండలో, మన ధూళిలో నడిపించి చూచిరి. కాడి కట్టించి చూచుట యన్న నిదియే.

జనరల్ మోటార్స్ ఇంజను ఆల్కోకు తీసిపోలేదు సరికదా, పెక్కు విషయములందు మిన్న యని రైల్వే నిపుణులలో పేరు గాంచెను. హౌరా–న్యూఢిల్లీ రాజధాని ఎక్స్‌ప్రెస్ 1969లో ఆరంభమైన తొలినాళ్ళలో దానిని లాగినది ఈ డబ్ల్యు.డి.ఎం.-4 ఇంజనే. అయినను వచ్చినవి డెబ్బది రెండు మాత్రమే. ఆల్కో ఇంజనులో, 1962 మొదలుకొని 1990 దశకము చివరివరకు రెండు వేల అయిదు వందలకు మించి తయారయ్యెను. మేలైనదానిని కాదని రెండవదానిని వరించుటకు హేతువేమి?

హేతువు ఒక్కటే. ఆల్కో తన నమూనాలను, తయారీ విధానమును మనకు నేర్పుటకు అంగీకరించెను. జనరల్ మోటార్స్ అందులకు సమ్మతింపలేదు. ఒకరు ఇంజనును అమ్మజూపిరి. మరియొకరు ఇంజనుతోబాటు ఇంజను చేయు విద్యను గూడ ఇచ్చిరి. 1961లో వారణాసియందు డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ స్థాపితమయ్యెను. అచ్చట రూపొందిన తొలి ఇంజనును 1964 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రి జాతికి అంకితము చేసెను. మొదట అమెరికానుండి వచ్చిన భాగములను కూర్చుట. తరువాత భాగములనే చేయుట. ఇట్లు మెట్టు మెట్టుగా విద్య చేతికి వచ్చెను.

ఈ నిర్ణయపు విలువ పదియేండ్లు తిరుగకుండగనే తేటతెల్లమయ్యెను. 1969లో ఆల్కో ఇంజనుల తయారీని మానుకొనెను. తరతరముల ఖ్యాతి గల సంస్థ తలుపులు మూసికొనెను. అంతకు ముందే బాల్డ్విన్ కంపెనీ 1956లో ఇంజనులు చేయుట విరమించెను. స్కాట్లండులోని నార్త్ బ్రిటిష్ కంపెనీ 1962లో మూతపడెను. మన డబ్ల్యు.పి. ఇంజనులను చేసిన చేతులు అవి. పేరును, ప్రతిష్ఠను చూచి నమ్మదగినవారని తలచిన మువ్వురు నిర్మాతలు పదుమూడేండ్ల వ్యవధిలో రంగమునుండి తప్పుకొనిరి. విద్య నేర్చుకొనక ఇంజనులను మాత్రమే కొనియుండినచో, కాజీపేటలోను, గుత్తిలోను, విశాఖపట్టణములోను డీజిల్ షెడ్లయందు పనిచేయు ఫిట్టరు ఒక చిన్న భాగముకొరకు ఎవరికి జాబు వ్రాయవలసి వచ్చెడిదో ఊహింపుడు. ఏరు దాటిన పిమ్మట తెప్ప తగులబెట్టినవానిని నిందింపవచ్చును; కాని తెప్పవాడే చనిపోయినచో నిందించుటకైనను ఎవరును మిగులరు. అట్టి దుర్గతి మనకు పట్టలేదు. స్కెనెక్టడీలో ఆరిన కొలిమి వారణాసిలో వెలుగుచునే యుండెను.

ఆల్కో పతనమునకు గల కారణములలో నొకటి కొనుగోలు ఉద్యోగులు ముఖ్యముగ గమనింపదగినది. ఆల్కో డీజిల్ ఇంజనును తాను చేసికొనుచుండెను. కాని ఇంజనులోని విద్యుత్ సామగ్రికి జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీపై ఆధారపడియుండెను. 1960 ప్రాంతమున ఆ జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీయే సొంతముగా పెద్ద డీజిల్ ఇంజనులను అమెరికా రైల్వేలకు అమ్మజొచ్చెను. నిన్నటి సరఫరాదారు నేటి పోటీదారయ్యెను. సొంత దేశపు విపణిలో ఆల్కో మూడవ స్థానమునకు జారెను. కావున ఒక నిర్మాతను పరీక్షించునప్పుడు ఆతని కర్మాగారమును మాత్రము చూచిన చాలదు. ఆతనికి ముఖ్య భాగములను ఎవరు ఇచ్చుచున్నారో, వారికిని ఆతనికిని గల సంబంధము ఎట్టిదో విచారింపవలెను. ఎద్దునే కాదు, ఎద్దు మేయు బీడు ఎవరిదో గూడ అడుగవలెను.

అయితే ఈ కథను విజయగాథగా మాత్రమే చెప్పి ముగించుట సత్యమునకు న్యాయము కాదు. 1962 నాటి నిర్ణయమునకు మనము మూల్యము చెల్లించితిమి. విద్య నిచ్చిన సంస్థ మూతపడుటచేత ఆ విద్యకు మూలస్థానమునుండి కొత్త నీరు వచ్చుట తగ్గెను. లక్నోలోని పరిశోధన సంస్థయు, వారణాసి కర్మాగారమును కృషిచేసి ఆ నమూనాకే మెరుగులు దిద్దిరి. 2,600 అశ్వశక్తి 3,100కు, తుదకు 3,300కు పెరిగెను. 1976లో టాంజానియాకు ఇంజనులను ఎగుమతి చేసిరి. అంతవరకు పరుల పండ్లు చూచినవారము, ఆనాడు మన పండ్లు పరులు చూచునంతటి వారమైతిమి. 1981లో పటియాలాయందు డీజిల్ భాగముల కర్మాగారమునకు శంకుస్థాపన జరిగెను. ఇవి యన్నియు గర్వింపదగినవే. కాని ఆ ముప్పదియేండ్లలో లోకము ఇంకను ముందుకు నడచెను. ఒకే గురువు కడ ఒక్కసారి నేర్చిన పాఠమునే వల్లించుచు కూర్చున్నవాడు పండితుడు కాజాలడు.

1995లో మన రైల్వేలు మరల జనరల్ మోటార్స్ వాకిట నిలిచెను. కాని ఈసారి రెండు చేతులు చాచి కాదు. ఇంజనులతోబాటు సాంకేతిక విద్యను గూడ బదలాయించు ఒప్పందము కుదిరెను. మూడు దశాబ్దములకు పూర్వము కాదన్నవారు ఇప్పుడు ఔననిరి. 4,000 అశ్వశక్తి గల ఆ ఇంజనులు 1999లో మన దేశమునకు వచ్చెను. అనంతరము వారణాసిలోనే తయారయ్యెను. వారి మనస్సు మారుటకు కారణములు పెక్కు ఉండవచ్చును. కాని వేల ఇంజనులను సొంతముగ చేసిన అనుభవము గల కొనుగోలుదారునితో మాటలాడుట, ఏమియు నెరుగని కొనుగోలుదారునితో మాటలాడుటకంటె భిన్నమైన పని యని ఎవరైనను ఒప్పుకొందురు. నేర్చిన విద్యయే తదుపరి బేరమునందు మన మూలధనము.

నేడు ఆ పాత యంత్రాంగము చాలవరకు మారినది. లండనులోను, వాషింగ్టనులోను మన ప్రభుత్వమునకు కొనుగోలు శాఖలుండిన కాలము గడచినది. కేంద్ర ప్రభుత్వపు సరఫరాల డైరెక్టరేట్ జనరల్ 2017 అక్టోబరు 31న మూతపడినది. సామాన్య వస్తువుల కొనుగోలు 2016లో ఆరంభమైన విద్యుత్ సంతద్వారా జరుగుచున్నది. 2020లో 200 కోట్ల రూపాయలలోపు కొనుగోళ్ళకు సాధారణముగ విదేశీ టెండరులు పిలువరాదని నిర్ణయమైనది. ఆ యేటనే వారణాసి కర్మాగారమునకు బనారస్ లోకోమోటివ్ వర్క్స్ అని పేరు మారినది. డీజిల్ విద్య నేర్చిన ఆ చేతులే ఇప్పుడు విద్యుత్ ఇంజనులను చేయుచున్నవి. యంత్రము మారినను నేర్పు మిగిలినది.

కావున విదేశీ నిర్మాతలను తూచువారు తమ్ము తాము వేసికొనదగిన ప్రశ్నలు అయిదు. మొదటిది: వీరు చూపిన ధరలో ఏమేమి చేరినది, ఏమేమి చేరలేదు? రెండవది: ఈ యంత్రము జీవితకాలమంతయు కలిపి ఎంత వ్యయము చేయించును? మూడవది: కాగితముపై చెప్పినది మన నేలమీద, మన వాతావరణమున నిలుచునా? నాలుగవది: వీరు ఎవరిపై ఆధారపడి బ్రతుకుచున్నారు? రేపు వీరు లేకున్న మన గతి యేమి? అయిదవది, అన్నిటికిని మించినది: వీరు వెళ్ళిపోయిన పిమ్మట మన చేతిలో ఏమి మిగులును?

మొదటి రెండు ప్రశ్నలకు గుమాస్తా లెక్క కట్టగలడు. మూడవదానికి ఇంజనీరు సమాధానము చెప్పగలడు. నాలుగవ, అయిదవ ప్రశ్నలకు సమాధానము వ్రాయుటకు ధైర్యము కావలెను. తక్కువ ధరవానిని ఎన్నుకొన్న ఉద్యోగిని ఆడిట్ వారు ప్రశ్నింపరు. ఎక్కువ ధరకో, రెండవ మేలు యంత్రమునకో మొగ్గినవాడు ఫైలునందు కారణములు వ్రాసి, వానికి జీవితాంతము జవాబుదారి కావలెను. ఆ భయముచేత సులభమైన మార్గమునే త్రొక్కుట మానవసహజము. కాని 1960 దశకమున అట్టి భయమునకు లొంగక, యంత్రముకంటె విద్య గొప్పదని నోటు వ్రాసిన ఉద్యోగులు కొందరుండిరి. వారి పేర్లు ఏ ఇంజనుమీదను చెక్కియుండలేదు. వారి పిల్లలకైనను ఆ సంగతి తెలిసియుండునో లేదో. అయినను ఆ తరువాత నాలుగు దశాబ్దములు ఈ దేశపు బొగ్గు, ధాన్యము, ఎరువులు, ప్రయాణికులు వారి సంతకముల మీదుగనే నడిచిపోయిరి.

సాయంకాలము ఆలస్యముగ ఇల్లు చేరిన గృహస్థు సంచిలో టెండరు ఫైలుండినచో, అందులో కేవలము అంకెలే యున్నవని ఇంటివారు తలపరాదు. సంతలోని రైతు తన ఒక్క సాగుకొరకు పండ్లు చూచును. ఆ ఉద్యోగి ఇంకను పుట్టని తరముల సాగుకొరకు పండ్లు చూచుచున్నాడు. ఆ పరీక్షయందు ఆతనికి ఓపికయు, ఇంటివారి సహనమును సమృద్ధిగా లభించుగాక.

స్వస్తి.